నాలుగో భాగం మురుంగపాక్కంలో ఉంది

నేను పుస్తకాలు రాస్తానని ఎవరో చెప్పారట, పోయిన నెల రెడ్డియార్‌పాళయంలోని ఒక బడి నుంచి నాకు ఫోను వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక నవలను పరిచయం చేయాలట. ఎవరు ఎక్కడివాళ్ళు, ఎవరు ఎవరి పక్కన కూర్చోవచ్చు అనే గొడవ ఉన్న నవలైతే మరీ మంచిదట. ఒక గంట మాట్లాడితే చాలట. ఫోను చేసిన హెడ్మిస్ట్రెస్ నా కూతురికంటే చిన్నది. "మేడమ్, పీపీటీ ఏమైనా ఉందా?" అని అడిగింది. "లేదమ్మా, ట్రంకుపెట్టె ఉంది" అన్నాను. నవ్విందో లేదో తెలియలేదు గానీ సరేనంది. ఆ మధ్యాహ్నమే మంచం కింద నుంచి పెట్టెను ఈడ్చాను. నా మోకాళ్ళూ దాని కీళ్ళూ ఒకేసారి కిర్రుమన్నాయి. పైన నా పెళ్ళి చీర, దాని కింద నాయన కళ్ళజోడు, అన్నిటికీ అడుగున గోధుమరంగు కాగితపు అట్ట వేసిన పల్చటి పుస్తకం. దానికి మొదలూ లేదు, చివరా లేదు. అట్ట మీద గుండ్రటి చేతిరాతతో 'మూడో భాగం, కుసుమ ఇల్లు' అని ఉంది. కుసుమ అంటే నేనే. పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కొబ్బరితాళ్ళ వాసన వచ్చింది. నాకు ఉన్నపళంగా పదమూడేళ్ళయి కూర్చున్నాయి.

నవల పేరు మాత్రం చెప్పను. చెబితే మీరు వెళ్ళి కొనుక్కుని, చివరి పేజీ చూసి, నా గుట్టు రట్టు చేస్తారు. మా అవ్వ కూడా దాన్ని ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఆ పిల్ల కత" అనేది. నేనూ అలాగే అంటాను.

కోసపాళయంలో మా ఇల్లు సన్నగా, పొడుగ్గా ఉండేది. నాయనకు బజారులో తాళ్ళూ చాపలూ అమ్మే అంగడి ఉండటంతో సరుకులో సగం మా ముందు గదిలోనే కాపురముండేది. తాళ్ళ చుట్టల మీద కూర్చుని చదువుకున్నాం, చాపల కట్టల వెనక దాక్కున్నాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్ళు ఎన్ని తరాల కిందట ఎక్కణ్ణుంచి వచ్చారో ఎవరికీ తెలియదు. తెలుగు మా నోటికి తెలుసు గానీ కంటికి తెలియదు. నాయన తన అన్నకు తెలుగులో ఉత్తరం రాయాలంటే తమిళ అక్షరాల్లోనే రాసేవాడు. ఆ ఇంటికి అధికారి మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ. తెల్లవారగానే కాఫీ ఫిల్టరు మీద వేళ్ళతో టకటకా కొట్టి, డికాషన్ దిగే చప్పుడు విని, ఆ తరువాతే దేవుడి గదిలోకి వెళ్ళేది. దేవుడికంటే ముందు కాఫీ ఏమిటని నేనొకసారి అడిగితే, "కాఫీ చల్లారతాది, ఆయన చల్లారడు" అంది.

మా ఇంట్లో కాఫీ గ్లాసులు రెండు కులాలు. లోపలివి ఇత్తడివి, ఒక్కో దానిమీదా తాత ఇనీషియలు చెక్కించినవి. బయటిది ఒకే ఒక్క అల్యూమినియం గ్లాసు. వీధి అరుగు పక్కన కిటికీ గూట్లో బోర్లించి ఉండేది. వచ్చినవాళ్ళకు ఏ గ్లాసు ఇవ్వాలో తేల్చడానికి అవ్వ దగ్గర మూడు ప్రశ్నలుండేవి. మనోళ్ళా? యా ఊరు? మీ నాయన ఏం జేస్తాడు? బస్సులో, ఆస్పత్రిలో, బీచిలో, ఎక్కడ తెలుగు మాట చెవిన పడినా అవ్వ మొహం వెలిగిపోయేది. వెంటనే పక్కకు జరిగి ఆ మూడూ అడిగేది. చాలాసార్లు మొదటి ప్రశ్నతోనే పని అయిపోయేది. ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడితే చాలు, మిగతాదంతా అవ్వ తానే పూరించుకునేది. అల్యూమినియం గ్లాసువాళ్ళు తమిళం మాత్రమే మాట్లాడతారని ఆమె గట్టి నమ్మకం. ఆమెతో వాళ్ళు ఏనాడూ మరో భాషలో మాట్లాడి ఉండలేదు మరి.

ఇలాంటి మా వీధిలోకి సుభద్ర టీచరు వచ్చింది. ఆమె భర్తకు యానాం నుంచి ఇక్కడి ఆఫీసుకు బదిలీ అయింది. మా పక్క సందులో అద్దెకు దిగిన వారానికే మా అందరి తెలుగూ విని ఆమెకు నవ్వాగలేదు. ఆమె "ఆయ్" అన్నప్పుడల్లా మాకూ నవ్వాగేది కాదు. "ఇంత చక్కగా మాట్లాడతారు, అక్షరం ముక్క రాదంటే ఎలాగమ్మా?" అని తన వరండాలో ఆదివారాలు తెలుగు నేర్పడం మొదలుపెట్టింది. చేరినవాళ్ళం ముగ్గురం. నేను. రెడ్డియార్‌పాళయంలో పొలాలూ ఆవులూ ఉన్న ఇంటి పిల్లవాడు ఆర్. దామోదరన్, వాణ్ణి దాము అనేవాళ్ళం. మూడోది జి. గంగ. గంగ వాళ్ళ నాయన బజారు మొదట్లో, గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టేవాడు. టీచరు ఒకరోజు తెగిన చెప్పు పట్టుకుని అక్కడ నిలబడితే, ఆయన తన కూతుర్ని తెలుగులో తిట్టడం వినబడిందట. "తిట్టు అంత బాగుంటే చదువు ఎలా ఉంటుందో చూద్దాం, పంపండి" అందట.

మేం గుణింతాలు దాటి, కూడబలుక్కుని చదివే దశకు వచ్చాక, టీచరు ఆ లావుపాటి నవలను తీసి మా ముందు పెట్టింది. ఉన్నది ఒక్క కాపీ. మేం దాన్ని చూసి బెదిరిపోయాం. మరుసటి ఆదివారానికి చూస్తే ఆమె దాన్ని అట్టలు వేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళి నాలుగు ముక్కలు కోయించింది! పుస్తకం కాలికి తగిలితేనే కళ్ళకద్దుకునే వాళ్ళం మేం. ఆమె మాత్రం తాపీగా నాలుగు ముక్కల మీదా రాసింది. మొదటి భాగం టీచరు ఇల్లు, రెండో భాగం దాము ఇల్లు, మూడో భాగం కుసుమ ఇల్లు, నాలుగో భాగం గంగ ఇల్లు. "రూలు ఒక్కటే. పుస్తకం ఇల్లు దాటకూడదు. ఏ భాగం ఎవరింట్లో ఉంటే అందరూ ఆ ఇంటికెళ్ళి, లోపల కూర్చుని, పైకి చదువుకోవాలి. వానలో తడిసిపోద్ది కదండీ పుస్తకం, అందుకూ" అంది. అది వైశాఖ మాసం. వాన ఎక్కడిదని మాలో ఒక్కరూ అడగలేదు.

కథ ఇదీ. వరదలో ఇల్లు కొట్టుకుపోయిన ఒక కుటుంబం పడవలో వచ్చి ఒక ఊరి కాలువగట్టున దిగుతుంది. వానలు తగ్గేదాకా ఉండమంటారు ఊరివాళ్ళు. వానలు తగ్గుతాయి, ఏళ్ళు గడుస్తాయి, ఆ గట్టు మీదే పుట్టిన పిల్ల పెద్దదవుతుంది. అయినా ప్రతివాళ్ళూ ఆ పిల్లను "మీదే ఊరు?" అనే అడుగుతారు. ఆ ఊళ్ళో ఏటా ఒక పెద్ద సంతర్పణ జరుగుతుంది. అందరూ వరసగా బంతిలో కూర్చుని తింటారు, గట్టు మీది వాళ్ళు తప్ప. మొదటి భాగం టీచరు వరండాలో పూర్తిచేశాం. రెండో భాగం దాము ఇంట్లో, కాదు, దాము ఇంటి ఆవుల కొట్టంలో. పిల్లలు గోల చేస్తారని వాళ్ళమ్మ మమ్మల్నందర్నీ అక్కడికే తోలింది. మా గోల సంగతేమో గానీ, దూడ ఒకటి వచ్చి పుస్తకంలో రెండు పేజీల మూలలు నమిలేసింది. నేను చదివితే ఆ మాటలు లేనిచోట ఆగిపోయేదాన్ని. దాము అసలు ఉన్నచోట కూడా ఆగేవాడు. గంగ మాత్రం ఎక్కడా ఆగలేదు. దూడ కడుపులో ఉన్న మాటల్ని కూడా గడగడా చదివేసింది. గంగ తెలివి చూసి నాకు కుళ్ళుగా ఉండేది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది.

తరువాత మూడో భాగం, మా ఇల్లు. గంగ ఎవరో నాకు తెలుసు. నా బడి చెప్పుల తోలుపట్టీ మార్చింది వాళ్ళ నాయనే. అరుగు మీద కూర్చుని చదువుదామని ముందే అనుకున్నాను. కానీ వాళ్ళు వచ్చేసరికి అవ్వ అరుగు మీదే ఉంది.

"ఎవురిది ఈ పాప? మనోళ్ళా?" అంది.

"ఆఁ అవ్వా" అంది గంగ. తెలుగే కదా మాట్లాడుతోంది, ఇంకేమంటుంది?

"యా ఊరు?"

"మురుంగపాక్కం అవ్వా."

అవ్వకు మురుంగపాక్కం అంటే కొబ్బరితోటలున్న పెద్ద ఇళ్ళే గుర్తు. "మీ నాయన ఏం జేస్తాడు?"

"బజార్లో కూచుంటాడు అవ్వా. పొద్దన పోతే సందేళకే వచ్చేది."

"అంగిడా?"

గంగ ఒక్క క్షణం ఆగి, "చిన్నదే అవ్వా" అంది.

"చిన్నదైతే ఏంది, అంగిడి అంగిడే! లోపలికి రా తల్లీ, ఎండలో నిలబడినావు" అని అవ్వ గంగ చెయ్యి పట్టుకుని గడప దాటించింది. దాముకు నోట్లో ఉన్న మురుకు అడ్డంపడి, వాడి వీపు నేను తట్టాల్సి వచ్చింది. కాసేపట్లో ఇత్తడి గ్లాసులో కాఫీ వచ్చింది. గంగ దాన్ని కరుచుకుని తాగబోతే, "ఎంగిలి చెయ్యకుండా ఎత్తి పోసుకోవాల, మీయమ్మ నేర్పలేదా?" అని అవ్వే పక్కన నిలబడి నేర్పింది. నేను నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. మొదట భయం వల్ల. ఆ తరువాత, నిజం చెప్పాలంటే, సరదా వల్ల. ఇంటి అధికారిని ఎవరైనా ఇలా బోల్తా కొట్టిస్తే చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉండేది.

నాలుగు ఆదివారాలు మా తాళ్ళ గదిలో మూడో భాగం సాగింది. మొదటివారం అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతూ గుమ్మం దగ్గర కూర్చుంది. రెండోవారం ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది. మూడోవారం చేట పక్కన పెట్టేసి, నేను చదువుతుంటే "నువ్వు ఆపు, ఆ పాపను చదవనీ" అంది. నాలుగోవారం గంగ చదువుతుండగా మూడో భాగం అయిపోయింది. ఎక్కడ అయిపోయిందనుకున్నారు? సంతర్పణ రోజు గట్టు మీది పిల్ల ఎవరి మాటా వినకుండా, అరిటాకు చేతపట్టుకుని, బంతి చివర వచ్చి నిలబడుతుంది. 'బంతిలో ఉన్నవాళ్ళందరూ తలలెత్తి చూశారు' అన్న వాక్యంతో సరి. అట్టలు వేసేవాడు సరిగ్గా అక్కడ కోశాడు. కాదు, టీచరే అక్కడ కోయించిందని, అందుకే నాలుగో భాగానికి పట్టుమని పది పేజీలే మిగిలాయని తరువాత అర్థమైంది.

"చూసి?" అంది అవ్వ. "జరిగినారా లేదా?"

"అది నాలుగో భాగంలో ఉండాది అవ్వా" అంది గంగ.

"తీసకరా పో."

"ఇల్లు దాటకూడదు అవ్వా. రూలు."

అవ్వ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాయనను అడిగింది, ఆయనకు తెలుగు చదవడమే రాదు. సుభద్ర టీచరును ఇంటికి పిలిపించి, మైసూరు పాకు చేతిలో పెట్టి, "ఒక్క మాట చెప్పమ్మా, ఆ పిల్లకు చోటిచ్చినారా?" అని బతిమాలింది. టీచరు మైసూరు పాకు రెండు ముక్కలు తిని, "రూలు రూలేనండీ పెద్దమ్మగారూ, నేనే తప్పితే పిల్లలేం నేర్చుకుంటారు?" అని వెళ్ళిపోయింది. దాంతో అవ్వ తేల్చి చెప్పింది. "సరి, వచ్చే ఆదివారం నేనూ వస్తా. ఆ పాప వాళ్ళను చూసినట్టూ ఉంటాది."

ఇప్పుడు నా సరదా అంతా ఆవిరైపోయింది. అవ్వ అక్కడికి వెళ్ళి, చూసి, వాళ్ళింటి ముందు గంగను ఒక్క మాట అంటే ఆ మాటకు నేనే బాధ్యురాలిని. నా తెలుగు క్లాసు మూతపడుతుంది, గంగ నా మొహం మళ్ళీ చూడదు. బడి దగ్గర గంగను పట్టుకుని, ఈ ఒక్కసారికి పుస్తకం టీచరు వరండాకు తెచ్చెయ్యమని బతిమాలాను. గంగ తన జడ కొసను నోట్లో పెట్టుకుని అంతా విని, జడ తీసి అంది.

"మీ ఇంటికి నేను రాలా? మా ఇంటికి మీ అవ్వ వస్తే ఏంది?"

"ఆమెకు తెలిసిపోతాది గంగా."

"తెలియనీ. నేను అబద్ధం చెప్పినానా? ఆమె అడిగిందానికంతా నిజమే చెప్పినా."

ఆదివారం సైకిలు రిక్షా ఎక్కాం. అవ్వ మంచి నేతచీర కట్టుకుని, ఒళ్ళో అరటిపళ్ళూ, ఒక మూర మల్లెపూలూ పెట్టుకుంది, అంగడివాళ్ళ ఇంటికి పోతున్నాం కదా. దాము సైకిలు మీద వెనకే వచ్చాడు, ఈ తమాషా వాడు వదులుకుంటాడా? మురుంగపాక్కం చేరాక ప్రతి పెద్ద ఇంటి ముందూ అవ్వ "ఇదేనా?" అంది. నేను "ఇంకొంచెం దూరం" అన్నాను. మేడలు అయిపోయాయి, పెంకుటిళ్ళు అయిపోయాయి, తోటలు అయిపోయాయి. సందు సన్నబడి, నానబెట్టిన తోలు వాసన మొదలయ్యేసరికి అవ్వ అడగడం మానేసింది. తాటాకు కప్పిన ఒక ఇంటి ముందు రిక్షా ఆగింది. చుట్టూ చెప్పులు పరుచుకుని కూర్చున్న మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి మా అరుగు కింద నిలబడి అవ్వ చెప్పులు కుట్టి ఇచ్చి, అల్యూమినియం గ్లాసులో కాఫీ తాగిన మనిషి.

"రాండమ్మా" అన్నాడు.

అవ్వ ఒక కాలు రిక్షాలో, ఒక కాలు నేల మీద పెట్టి అలాగే ఉండిపోయింది. "నీకు తెలుగు వచ్చునా?"

"ఇంట్లో అదే గదమ్మా."

"ఇన్నేండ్లుగా ఒక మాట చెప్పలేదే?"

"మీరు అడగలేదే అమ్మా."

ఆయన వెక్కిరింపుగా అనలేదు. ఉన్నమాట అన్నాడంతే. అవ్వ మొహంలోకి రక్తం పొంగడం చూశాను. నా చెవి మీదికి ఆమె చెయ్యి రావడం కూడా చూశాను. సరిగ్గా అప్పుడే గంగ గుమ్మంలోకి వచ్చింది. నమస్కారం లేదు, పలకరింపు లేదు. చేతిలోని పుస్తకం తెరిచి, నిలబడే మొదలుపెట్టింది. 'ఆకు పట్టుకున్న ఆమె చేయి వణకలేదు...' అవ్వ చెయ్యి నా చెవి దగ్గరే ఆగిపోయింది. గంగ చదువుతూ పోయింది. బంతిలో గుసగుసలు, వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడిపోవడం, ఊరి పెద్ద గొంతు సవరించుకోవడం. రిక్షా అతనికి తెలుగు అంతంతమాత్రమే, అయినా "అప్పురం?" అన్నాడు. ఆ తర్వాతేమిటన్నది అవ్వకూ కావాలి. ఒక కాలు నేల మీదే ఉంచి, మెడ ముందుకు చాచి వింటోంది. సరిగ్గా ఊరి పెద్ద నోరు తెరిచే చోట గంగ పుస్తకం మూసింది.

"గొంతెండిపోయింది. రొంబ ఎండ అవ్వా. లోపల కూచోని చదవతా" అని లోపలికి వెళ్ళిపోయింది.

అవ్వ నన్ను చూసింది, దామును చూసింది. ఆకాశంలో ఎండను కూడా చూసింది, అదీ ఈ కుట్రలో ఉందేమోనన్నట్టు. గంగ వాళ్ళ నాయన తల వంచుకుని నిలబడ్డాడు, ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులు చూశాక నాకు ఏడుపొచ్చింది. మా ఆటలో ఆయనను నిలబెట్టామని అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు. అవ్వ రెండో కాలు కూడా రిక్షాలోంచి దించింది. ఆ గుమ్మం చాలా పొట్టిది, ఆమె తల బాగా వంచాల్సి వచ్చింది. లోపల కొత్త చాప ఒకటి పరిచి ఉంది, మా అంగడి చాపే. ముందు కొత్త గాజు గ్లాసులో నీళ్ళు. అవ్వ చాప అంచున కూర్చుని, ఆ గ్లాసు వైపు చూడకుండా, "దప్పిక లేదు, చదువు" అంది.

గంగ చదివింది. ఊరి పెద్ద చోటు లేదన్నాడు. బంతిలో ఎవరూ కదల్లేదు. గంగ అక్కడ పేజీ తిప్పింది, ఒకసారి అవ్వను చూసింది, మళ్ళీ చదివింది. బంతి చివర కూర్చున్న ఒక ముసలామె, నోరు మంచిది కాదని ఊరంతా భయపడే ముసలామె, ఎవరి మొహమూ చూడకుండా, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, జానెడు పక్కకు జరిగింది. 'కూచో' అంది. కథ అయిపోయింది. అవ్వ "ఆ ముసిల్ది మంచిదే" అంది, అరటిపళ్ళూ పూలూ అక్కడ పెట్టి లేచింది. నీళ్ళు ముట్టలేదు.

ఇంటికొచ్చాక అవ్వ ఇత్తడి గ్లాసులన్నీ పెరట్లో వేసి, చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టింది. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి, "నెలరోజులుగా తాగిన తర్వాత ఇప్పుడు తోమితే యాడికి పోతాది అత్తా?" అంది. అమ్మకు మొదట్నుంచీ తెలుసని అప్పుడు తెలిసి నేనూ అవ్వా ఇద్దరమూ నోరు తెరిచాం. మరుసటి వారం క్లాసులో టీచరు కథ ఎలా ముగిసిందో చెప్పమంది. నేను లేచి ముసలామె సంగతంతా చెప్పాను. టీచరు కళ్ళజోడు తీసి గంగ వైపు చూసింది. తరువాత ఆమెకు ఆగకుండా దగ్గు వచ్చింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా దగ్గింది. "ఆయ్, బాగా చదివారు" అని లోపలికి వెళ్ళిపోయింది. పాపం, యానాం మనిషికి మన ఉప్పుగాలి పడలేదనుకున్నాను.

తరువాతి ఆదివారం గంగ మా వీధి మలుపులో కనబడింది, నన్ను క్లాసుకు పిలవడానికి వస్తోంది. అవ్వ అరుగు మీద చేటతో ఉంది. గంగ వచ్చి మెట్టు కింద నిలబడింది. అవ్వ తలెత్తలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, చేట తీసుకుని, జానెడు పక్కకు జరిగింది. "కూచో" అంది. ఇత్తడి గ్లాసులో కాఫీ కూడా వచ్చింది. అవ్వ మారిపోయిందని నేను రాయను. గూట్లో అల్యూమినియం గ్లాసు ఆమె పోయేదాకా అక్కడే ఉంది, గంగ వాళ్ళ నాయన వచ్చినా అదే. ఆమె జరిగింది జానెడే, అదీ ఒక్క గంగకే. కానీ ఆ జానెడూ జరగడానికి మా అవ్వకు ఎంత కష్టమైందో చూసినదాన్ని కాబట్టి దాన్ని తక్కువ చేయలేను.

ఇదంతా పెట్టె ముందు కూర్చుని తలచుకున్నాక, నాలుగో భాగం కోసం మురుంగపాక్కం బయలుదేరాను. టీచరు యానాం తిరిగి వెళ్ళేటప్పుడు భాగాలను ఎవరింట్లో ఉన్నవి వాళ్ళకే వదిలేసింది. దాము పోయి రెండేళ్ళయింది, దూడ నమిలిన రెండో భాగాన్ని వాడి కొడుకు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాడు. గంగ నర్సుగా పనిచేసి రిటైరై అక్కడే ఉంటోంది. తాటాకు ఇంటి చోటే రెండంతస్తుల మేడ. మెట్లు ఎక్కలేనని కిందే ఉంటానంటుంది. బీరువాలోంచి నాలుగో భాగం తీసి నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళలో నేను దాన్ని నా కళ్ళతో చదవడం అదే మొదలు. విన్నాను కదా, ఇంకెందుకు అనుకున్నాను. చివరి పేజీకి వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ముసలామె లేదు. ఎవరూ జరగలేదు. పిల్ల ఆకును మడిచి నడుముకు దోపుకుని, కాలువ దగ్గరికి నడిచి, పడవ ఎక్కుతుంది. అంతే.

"గంగా, ముసలామె ఏదీ?"

"యా ముసలామె?" అని గంగ కాసేపు నాటకమాడింది. తరువాత పెద్దగా నవ్వింది. "మీ అవ్వ మొగం చూసినా. ఉండేది ఉన్నట్టు చదివితే, సరి, కతలోనే ఎవురూ జరగలేదు, నేనెందుకు జరగాల అనుకోని రిక్షా ఎక్కుంటాది. అందుకని ఒక ముసలామెను పెట్నా. దూడ తినిందాన్నే చదివినదాన్ని, ఇదేమంత కష్టం?"

"టీచరుకు తెలుసా?"

"ఆమె దగ్గు నువ్వు వినలా?"

నేను కూడా నవ్వాను. నవ్వుతూనే ఆ చివరి పేజీ మళ్ళీ తెరిచాను. పదమూడేళ్ళ పిల్ల, తన నాయన చేతులు వణుకుతుంటే, తన ఇంటి చాప మీద కూర్చుని, తనకు లేని చోటును తానే రాసుకుని, తడబడకుండా చదివింది. నేను ఇన్ని పుస్తకాలు రాశాను, అంత మంచి వాక్యం ఒక్కటీ రాయలేదు. పుస్తకం ఒక వారం ఇమ్మని అడిగాను. "రూలు రూలే. పిల్లల్ని ఇక్కడికి తీసకరా" అంది.

బడిలో గంట మాట్లాడలేదు. మొదటి భాగం బడి లైబ్రరీలోని కాపీ నుంచి చదివించాను, రెండోది దాము ఇంట్లో, మూడోది మా ఇంట్లో. "ఆంటీ, పీడీఎఫ్ పంపకూడదా?" అని ఒకడు అడిగాడు. వానలో తడిసిపోద్దని చెప్పాను. ఈ కాలం పిల్లలు మంచివాళ్ళు, అందరూ ఒకే సీసాలో నీళ్ళు తాగేస్తారు, ఎత్తి పోసుకోవడం కూడా తెలియదు వాళ్ళకు. అవ్వ చూస్తే మూర్ఛపోయేది. చిక్కు వాళ్ళతో కాదు. నాలుగో భాగం ఎక్కడుందో చెప్పిన సాయంత్రమే ఫోను మోగింది. ఒక పిల్ల తల్లి, మన తెలుగువాళ్ళే.

"ఆంటీ, మురుంగపాక్కంలో యాడ?"

చెప్పాను. సందు పేరు విని అటువైపు కాస్త ఆగింది. గూట్లో గ్లాసు తీస్తున్న చప్పుడు నాకు వినబడినట్టే ఉంది.

"అది ఎవురి ఇల్లు ఆంటీ? మనోళ్ళేనా?"

"మనోళ్ళేనమ్మా" అన్నాను.

"సరి సరి, అయితే పంపిస్తా" అంది.

ఇంకేమైనా అడిగితే చెప్పేదాన్నే. అడగలేదు.